ఇరుకు గ్యారేజీలో మోటారుసైకిలుకు డాలీ ఎంచుకోవడం: సమగ్ర మార్గదర్శి

కారు పక్కన మిగిలిన సందులో మోటారుసైకిలును పెట్టవలసి వచ్చిన వారందరికీ ఒక సంగతి త్వరలోనే తెలిసివస్తుంది. బండి ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది, పక్కకు మాత్రం జరగదు. హ్యాండిలు ఒకవైపు పూర్తిగా తిప్పి కాస్త ముందుకు నెట్టి, రెండోవైపు తిప్పి మళ్లీ వెనక్కి లాగి, ఇలా పదిసార్లు తంటాలు పడితే గోడవైపు ఒక జానెడు జరుగుతుంది. ఆ పదిసార్లలో ఏదో ఒకసారి ఫుట్‌రెస్టు కారు తలుపును గీరుతుంది కూడా. ఈ అవస్థను తప్పించే సాధనమే డాలీ. నాలుగో ఆరో తిరుగుడు చక్రాల మీద, నేలకు బాగా దగ్గరగా ఉండే ఇనుప చట్రం అది. దానిమీద బండిని నిలబెడితే ఏ దిక్కుకైనా నెట్టవచ్చు, ఉన్నచోటే గుండ్రంగా తిప్పవచ్చు.

డాలీ కొనేవారు సాధారణంగా మొట్టమొదట చూసేది అది ఎంత బరువు మోస్తుందన్న అంకెను. నా ఉద్దేశంలో అది చివరన చూడవలసిన అంకె. మామూలు బండ్లు 110 కిలోల నుంచి 250 కిలోల లోపే ఉంటాయి. రెండు టైర్లూ ఎక్కే పూర్తి పొడవు డాలీల మీద 450 కిలోలు, అంతకంటే ఎక్కువ అని రాసి ఉండటం సర్వసాధారణం. కాబట్టి చట్రం విరిగి బండి పడిపోవడం అరుదు. డాలీ కొని మూలన పడేసినవారిని అడిగి చూడండి: చక్రాలు గచ్చు మీద దొర్లలేదనో, తిప్పడానికి చోటు చాలలేదనో, ఎక్కించడం దించడం విసుగు పుట్టించిందనో చెబుతారు. అందుకే ఈ ఎంపికలో బండి కంటే ముందు గ్యారేజీని కొలవాలి, చట్రం కంటే ముందు చక్రాన్ని చూడాలి.

మొదటి అడుగు: మీకు కావలసిన కదలిక ఏది?

బండిని ఉన్నచోటే తిప్పి ముఖం తలుపువైపు పెట్టుకోవడమే మీ అవసరమైతే పెద్ద డాలీ అక్కర్లేదు. తలుపులోంచి నేరుగా లోపలికి తెచ్చి, ఆ తరువాత అడ్డంగా గోడకు చేర్చవలసి ఉంటే మాత్రం రెండు చక్రాలనూ నేలమీద నుంచి లేపే డాలీయే కావాలి, ఎందుకంటే ఒక్క టైరు నేలను తాకుతూ ఉన్నా అది పక్కకు ఈడ్చుకుపోదు. వెనక్కి తీయడం ఒక్కటే కష్టమైతే, బండిని లోపలికి తెచ్చేటప్పుడే వెనుక భాగం ముందుగా వచ్చేలా తోసుకువస్తే సమస్య డబ్బు ఖర్చు లేకుండానే తీరుతుంది. ఇది చాలా చిన్న సలహాలా కనిపిస్తుంది కాని, డాలీ కొనాలనుకున్నవారిలో కొందరికి నిజంగా కావలసింది ఇంతే.

ఎన్నాళ్లకొకసారి బండిని బయటికి తీస్తారన్నది ఇక్కడే తేల్చుకోవాలి. రోజూ ఉదయం నడిపే బండికి పూర్తి పొడవు డాలీ పెట్టుకుంటే రోజుకు రెండుసార్లు ర్యాంపు ఎక్కించడం, దించడం, బ్రేకులు వేయడం, తీయడం తప్పదు. నెల తిరగకుండానే బండి డాలీ పక్కన నేలమీద ఉంటుంది, డాలీ ఆ ఉన్న కాస్త చోటునూ ఆక్రమిస్తుంది. వారానికో నెలకో ఒకసారి తీసే బండికి, వానాకాలమంతా లోపలే ఉండే బండికి, ఒకదాని వెనుక ఒకటిగా రెండు మూడు బండ్లు సర్దవలసిన గ్యారేజీకి అది చక్కగా సరిపోతుంది.

రెండో అడుగు: కొలతలు

బండి పొడవు, ముందు చక్రపు ఇరుసు నుంచి వెనుక చక్రపు ఇరుసు దాకా ఉన్న దూరం, ఇంధనంతో కూడిన బరువు, వెనుక టైరు వెడల్పు బండితో వచ్చిన పుస్తకంలోనే దొరుకుతాయి. వెడల్పును మాత్రం పుస్తకం చూసి నమ్మవద్దు. పుస్తకంలోని వెడల్పు నిటారుగా ఉన్న బండిది. సైడ్ స్టాండు మీద ఉన్న బండి ఎడమకు ఒరిగి ఉంటుంది, హ్యాండిలు తాళం వేస్తే ఇంకొంచెం బయటికి పొడుచుకొస్తుంది. అద్దాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

దీన్ని కొలవడానికి ఒక దారం, దాని కొనకు కట్టిన ఒక నట్టు చాలు. బండిని సైడ్ స్టాండు మీద నిలిపి, హ్యాండిలు తాళం వేసి, ఎడమ హ్యాండిలు చివర నుంచి దారాన్ని వేలాడదీయండి. నట్టు ఊగడం ఆగిన తరువాత దాని కింద నేలమీద సుద్దతో చుక్క పెట్టండి. కుడి హ్యాండిలు చివర, రెండు అద్దాలు, సైలెన్సరు చివర, వెనుక నంబరు ప్లేటు, ముందు మడ్‌గార్డు, ఇలా పొడుచుకొచ్చిన ప్రతి చోటా ఇదే పని చేయండి. ఆ చుక్కలను కలిపితే వచ్చే ఆకారమే మీ బండికి నేలమీద నిజంగా కావలసిన చోటు. సైడ్ స్టాండు పాదం ఎక్కడ ఆనుతోందో కూడా గుర్తు పెట్టుకోండి. టైర్ల మధ్యగీత నుంచి ఆ పాదానికి ఉన్న దూరం తరువాత చాలా పనికొస్తుంది.

ఇక తిప్పడానికి కావలసిన చోటు. బండి 2.15 మీటర్ల పొడవు, 0.8 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. ఉన్నచోటే తిరిగే వస్తువు ఆక్రమించే వృత్తానికి వ్యాసం దాని మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న దూరం, అంటే ఇక్కడ సుమారు 2.3 మీటర్లు. గోడకూ కారుకూ మధ్య 2 మీటర్లే ఉంటే ఎంత ఖరీదైన డాలీ తెచ్చినా బండి అక్కడ పూర్తిగా తిరగదు. అప్పుడు కారు బయట ఉన్న సమయంలోనే తిప్పి పెట్టుకోవాలి, లేదా తిప్పడం మానుకుని పక్కకు జరపడంతో సరిపెట్టుకోవాలి. ఈ లెక్కకు మీరు నిలబడే చోటును కూడా కలపండి. వంగి నెట్టే మనిషికి కనీసం అర మీటరు కావాలి, బండికీ గోడకూ మధ్య చిక్కుకోకుండా బయటపడే దారీ ఉండాలి.

లెక్కల మీద నమ్మకం లేకపోతే పాత అట్టపెట్టెలు విప్పి, అతికించి, డాలీ అంత ముక్క కత్తిరించుకోండి. దాన్ని గ్యారేజీలో జరుపుతూ తిప్పుతూ చూస్తే కారు తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో, షట్టరు పట్టాలకు ఏం తగులుతుందో, గోడకున్న అల్మరా ఎక్కడ అడ్డొస్తుందో అరగంటలో తేలిపోతుంది.

మూడో అడుగు: గచ్చును చదవడం

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే కాబట్టి తొందరపడవద్దు.

ముందు వాలు చూడండి. నీళ్లు బయటికి పోవడానికి గ్యారేజీ గచ్చును తలుపువైపు కొద్దిగా వాలుగా వేస్తారు. ఒక మీటరు పొడవున్న, వంకరలేని చెక్కను నేలమీద పెట్టి, దానిమీద రసమట్టం ఉంచి, బుడగ మధ్యకు వచ్చేదాకా పల్లపు కొనను పైకెత్తండి. ఎత్తిన చోట సందు 10 మి.మీ. ఉంటే వాలు నూటికి ఒకటి, 20 మి.మీ. ఉంటే నూటికి రెండు. బండి 200 కిలోలు, డాలీ 25 కిలోలు అనుకుంటే, నూటికి రెండు వాలు మీద అది నాలుగున్నర కిలోల బలంతో తలుపువైపు జారాలని చూస్తూ ఉంటుంది. గట్టి చక్రాలు నున్నటి గచ్చు మీద దొర్లడానికి పట్టే బలం కూడా దాదాపు అంతే. అంటే బ్రేకు వేయని డాలీ ఇవాళ కదలకుండా నిలబడినా, రేపు ఎవరి మోచేయో తగిలితే తలుపుదాకా ప్రయాణం కడుతుంది. నూటికి రెండుకు మించి వాలున్న చోట బ్రేకులు బాగా పట్టే డాలీ తప్ప వేరేదాని జోలికి పోకండి; ఆ బ్రేకులకు తోడు చక్రాల కింద చెక్కముక్కలు కూడా పెట్టండి.

తరువాత గచ్చు మీద అతుకులు, పగుళ్లు, నీటి జాలీలు, గడప, షట్టరు దిగే గాడి వంటివాటిని వెతకండి. చేతి వేలితో తడిమితే అతుకుకు ఇటువైపు, అటువైపు ఎత్తులో తేడా తెలుస్తుంది. ఆ తేడా 5 మి.మీ. ఉంటే ఏం జరుగుతుందో చూడండి. 50 మి.మీ. వ్యాసమున్న చక్రం ఆ మెట్టు ఎక్కాలంటే దానిమీదున్న బరువులో ముప్పావు వంతు బలంతో అడ్డంగా నెట్టాలి. 75 మి.మీ. చక్రానికి సగం కంటే కొంచెం ఎక్కువ, 100 మి.మీ. చక్రానికి సగం కంటే కొంచెం తక్కువ సరిపోతుంది. ఇందాకటి 225 కిలోలు నాలుగు చక్రాల మీద సమంగా ఉన్నాయనుకుంటే ఒక్కో చక్రం మీద 56 కిలోలు పడతాయి. రెండు చక్రాలు ఒకేసారి ఆ మెట్టుకు తగిలితే చిన్న చక్రాలున్న డాలీకి 84 కిలోల నెట్టుడు కావాలి. పెద్ద చక్రాలున్నదానికి 54 కిలోలు చాలు. మొదటిది ఒక మనిషి చేసే పని కాదు.

ఇది నేను పుస్తకంలో చదివి కాదు, అద్దం పగలగొట్టుకుని నేర్చుకున్నాను. నేను మొదట కొన్న డాలీకి గట్టి నైలానుతో చేసిన 50 మి.మీ. చక్రాలు ఉండేవి. ఖాళీ డాలీని కాలితో తంతే గ్యారేజీ ఆ చివరిదాకా పోయేది, చూసి మురిసిపోయాను. బండి ఎక్కించిన రెండో వారం, టైరు గాళ్లలోంచి రాలిన బఠాణీ గింజంత రాయి ఒక చక్రం కిందికి వచ్చింది. డాలీ టక్కున ఆగింది, బండి ఆగలేదు. సీటు నా తొడకు ఆనింది కాబట్టి కింద పడలేదు కాని ఎడమ అద్దం గోడకు కొట్టుకుని ముక్కలైంది. అప్పటినుంచి డాలీ కదిపే ముందు చీపురుతో దారి ఊడ్చే అలవాటు అయింది, చక్రాలూ మార్చాను.

గచ్చు పైపూత కూడా చూడాలి. ఎపాక్సీ పూత ఉన్న నేలమీద నల్ల రబ్బరు చక్రాలు ఎక్కువకాలం ఒకేచోట ఉంటే రబ్బరులోని నూనె పదార్థాలు పూతలోకి దిగి గోధుమరంగు మరకలు పడతాయి, అవి తుడిస్తే పోవు. పలకరాళ్లు పరిచిన నేలమీద గట్టి చక్రాలు అతుకు అతుకుకూ టకటకమంటాయి. పలక కింద సిమెంటు నిండని చోటుంటే ఒకే బిందువు మీద పడే బరువుకు పలక చిట్లిపోవచ్చు. మట్టినేల, గులకపరుపు, గతుకుల కాంక్రీటు ఉన్నచోట డాలీ ఆలోచననే వదులుకోవడం మంచిది.

నాలుగో అడుగు: రకాలలో మీకు తగినది

పూర్తి పొడవు డాలీ అంటే రెండు టైర్లూ ఒకే పొడుగాటి కాలువలాంటి పట్టాలో కూర్చునేది. ఒక చివర చిన్న ర్యాంపు, ఎడమవైపు సైడ్ స్టాండుకు ఒక పలక ఉంటాయి. ఏ బండికైనా పనికొస్తుంది, అన్ని దిక్కులకూ కదులుతుంది, అందుకే ఇరుకు గ్యారేజీకి సాధారణంగా నేను సూచించేది ఇదే. దీని పొడవు బండి పొడవును మించకూడదు. మించితే బయటికి వచ్చిన చక్రాలు చీలమండలకు తగలడానికే ఉంటాయి. మరీ పొట్టిదైతే టైరు ఆనే చోటు పట్టా అంచుకు వస్తుంది. ఇరుసుల మధ్య దూరానికి సుమారు 30 సెం.మీ. కలిపితే సరైన కనీస పొడవు వస్తుంది. పొడవు పెంచి తగ్గించుకునే రకం కొంటే, రెండు ముక్కలు కలిసేచోట ఒకదానిమీద ఒకటి ఎంత మేర ఉన్నాయో, ఎన్ని బోల్టులున్నాయో చూడండి. ఒకే ఒక్క పిన్నుతో ఆగేది నాకు నచ్చదు.

సెంటర్ స్టాండు డాలీ చాలా చిన్నది. అర మీటరు పలక, నాలుగు చక్రాలు, స్టాండు పాదాలు జారకుండా చుట్టూ కాస్త ఎత్తు అంచు, అంతే. బండి బరువులో ఎక్కువ భాగం దీనిమీదే ఉంటుంది. అయితే సెంటర్ స్టాండు వేసినప్పుడు సాధారణంగా ఏదో ఒక టైరు నేలను తాకుతూనే ఉంటుంది. పలక ఎత్తు వల్ల అది కూడా లేస్తే బండి పక్కకు జరుగుతుంది, లేవకపోతే ఆ టైరు చుట్టూ తిరుగుతుందే తప్ప జరగదు. ఇంకో చిక్కు ఉంది. పలక 20 మి.మీ. మందం ఉంటే బండిని స్టాండు మీదికి లాగేటప్పుడు అంత అదనపు ఎత్తుకు లేపాలి, బరువైన బండికి అది నడుముకు చేటు. ముందుగా వెనుక టైరును అంతే మందమున్న చెక్క మీదికి ఎక్కించి ఆ తరువాత స్టాండు వేస్తే ఈ ఇబ్బంది ఉండదు. సెంటర్ స్టాండున్న బండి, నున్నటి నేల, తిప్పడం మాత్రమే అవసరం, ఈ మూడూ కలిసినవారికి ఇది చవకైన, చోటు తినని పరిష్కారం.

చక్రాలున్న ప్యాడాక్ స్టాండు వెనుక భాగాన్ని లేపుతుంది. సెంటర్ స్టాండు లేని స్పోర్ట్స్ బండ్లవారు వాడేది ఇది. ముందు టైరు నేలమీదే ఉంటుంది కాబట్టి ముందు స్టాండు కూడా జోడిస్తే తప్ప అడ్డంగా కదలదు. సైడ్ స్టాండు ఒక్కదాని కింద పెట్టి, బండిని దానిమీదికి ఒరగదోసి గిర్రున తిప్పే చిన్న పలకలు కూడా ఉన్నాయి. మొత్తం బరువు ఒక్క స్టాండు బోల్టు మీద, పట్టుకున్న మనిషి చేతుల మీద పడే ఈ పద్ధతి తేలికబండికి, అలవాటైన చేతులకు చెల్లుతుంది. 150 కిలోలు దాటిన బండితో వద్దు. టైరుకు ఒకటి చొప్పున విడివిడిగా పెట్టే డాలీలను నేను ఎవరికీ చెప్పను. రెంటినీ కలిపే చట్రం లేనప్పుడు ముందుది ఒక దారి, వెనుకది ఒక దారి పడతాయి.

ఐదో అడుగు: చక్రాల ఎంపిక

వ్యాసం సంగతి పైన చూశాం. అద్దంలాంటి గచ్చుకు 50 మి.మీ. సరిపోతుంది, అతుకులున్న గచ్చుకు కనీసం 75 మి.మీ. ఉండాలి. చక్రం పెద్దదైతే డాలీ ఎత్తు పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. మంచి డాలీలలో చక్రాలను పట్టా కింద కాకుండా పక్కలకు చాపిన చేతులకు బిగిస్తారు, కాబట్టి పట్టా నేలకు 20, 30 మి.మీ. ఎత్తులోనే ఉంటుంది.

ఒక్కో చక్రం మోయగల బరువును ఇలా లెక్కించండి: బండి బరువూ డాలీ బరువూ కలిపి, నాలుగు చక్రాలుంటే మూడుతో భాగించండి. ఏ గచ్చూ పూర్తిగా సమతలంగా ఉండదు కాబట్టి కదిలేటప్పుడు ఏదో ఒక చక్రం గాలిలో ఉంటుంది, మిగిలిన మూడే బరువు మోస్తాయి. 225 కిలోలకు ఒక్కో చక్రం కనీసం 75 కిలోలు మోయగలగాలి. ఇంకాస్త మిగులుంటే మంచిది, 100 కిలోలవి తీసుకోండి. ఆరు చక్రాలున్నా మొత్తాన్ని ఆరుతో భాగించి సంతోషపడవద్దు.

పదార్థం విషయానికి వస్తే నైలాను తేలికగా దొర్లుతుంది, ఎక్కువకాలం నిలబడినా ఆకారం మారదు, కాని చప్పుడు చేస్తుంది, చిన్న రాయి తగిలినా ఆగిపోతుంది. మెత్తటి రబ్బరు నిశ్శబ్దంగా పోతుంది, నెలల తరబడి బరువు మోస్తే ఆనిన చోట చదునుగా మారుతుంది. మళ్లీ కదిపినప్పుడు గతుకులో పడి లేచినట్టు ఉంటుంది. నేను వాడేది, చెప్పేది ఇనుప నడుముకు పాలీయురేథేను (రబ్బరులా సాగే గట్టి ప్లాస్టిక్) పట్టీ వేసిన చక్రం. అందులోనూ అన్నీ ఒకటి కావు. పాలియెస్టరు రకం పాలీయురేథేను తేమ ఎక్కువున్న చోట కొన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది, పాలీఈథరు రకం తేమను బాగా తట్టుకుంటుంది. అమ్మేవారు ఈ వివరం చెప్పగలిగితే అడగండి.

తిరుగుడు చక్రం నేలను తాకే బిందువు దాని నిలువు బోల్టుకు సరిగ్గా కింద ఉండదు, కొంచెం పక్కకు, 25 నుంచి 40 మి.మీ. దాకా జరిగి ఉంటుంది. డాలీని ఇటు నెట్టి ఆపి అటు నెట్టినప్పుడు చక్రాలన్నీ అర్ధచంద్రాకారంగా తిరిగి వెనక్కి మళ్లుతాయి. ఆ క్షణంలో డాలీ మీరు అనుకోని వైపుకు ఒక కుదుపు కుదుపుతుంది, గోడకు రెండంగుళాల దూరంలో ఉన్నప్పుడు ఆ కుదుపు అద్దానికి సరిపోతుంది. చక్రపు తలలో రెండు వరుసల బాల్ బేరింగులుంటే ఈ తిరగడం మెత్తగా జరుగుతుంది. ఒకే వరుస ఉన్నవి బరువు పడగానే బిగుసుకుంటాయి. దుకాణంలో చక్రాన్ని చేత్తో తిప్పి చూడటం వల్ల ఏమీ తెలియదు, డాలీ మీద ఒక మనిషిని నిలబెట్టి నెట్టి చూడండి.

బ్రేకులు రెండు రకాలు. ఒకటి చక్రం దొర్లడాన్ని మాత్రమే ఆపుతుంది. రెండోది దొర్లడాన్నీ, తల తిరగడాన్నీ కలిపి ఆపుతుంది. మొదటి రకం వేసిన డాలీ నిలబడినట్టే ఉంటుంది కాని చేత్తో నెడితే చక్రాల తలలు తిరిగి రెండు మూడు సెం.మీ. ఊగుతుంది. బండి ఎక్కించేటప్పుడు ఆ ఊపు చాలు, అడుగు తడబడటానికి. రెండో రకమే తీసుకోండి, కనీసం రెండు చక్రాలకైనా ఉండాలి, అవి గోడవైపు కాక మీరు నిలబడే వైపు ఉండాలి. గోడకు ఆనించిన తరువాత కాలు పెట్టలేని చోట ఉన్న బ్రేకు లేనట్టే లెక్క.

ఆరో అడుగు: చట్రం, సైడ్ స్టాండు పలక

అన్ని డాలీలలోనూ నేను ముందు చూసేది సైడ్ స్టాండు పలకనే. టైర్లు ఆనే పట్టా ఎంత ఎత్తులో ఉందో, స్టాండు ఆనే పలక కూడా దాదాపు అంతే ఎత్తులో ఉండాలి. టైర్లు 30 మి.మీ. లేచి, స్టాండు పలక కిందే ఉండిపోతే, స్టాండు పాదం టైర్ల గీతకు 28 సెం.మీ. దూరంలో ఉన్న బండి మామూలు కంటే మరో 6 డిగ్రీలు ఒరుగుతుంది. దీనికి భిన్నంగా, పలకే ఎత్తుగా ఉంటే బండి నిటారుగా నిలబడుతుంది, కుడివైపు నుంచి చిన్న తోపుడు తగిలితే పడదు కాని ఎడమవైపు నుంచి తగిలితే కుడికి పడిపోతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే చూడటానికి బండి చక్కగా నిలబడినట్టే ఉంటుంది.

ఆ పలకకు అవతల, అంటే బండికి దూరంగా, ఒక చక్రం ఉందో లేదో చూడండి. చక్రం లేకుండా గాలిలోకి చాపిన పలక ఒరిగిన బండి బరువుకు వంగుతుంది. డాలీ పడిపోకుండా నిలబడటం కూడా దీనిమీదే ఆధారపడి ఉంది. సైడ్ స్టాండు మీద 10 డిగ్రీలు ఒరిగిన బండి గురుత్వకేంద్రం నేలకు 55 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే, అది టైర్ల గీత నుంచి ఎడమకు సుమారు 10 సెం.మీ. జరిగి ఉంటుంది. డాలీ చక్రాల మధ్య వెడల్పు మొత్తం 45 సెం.మీ. మాత్రమే అయితే, చక్రాలు లోపలికి తిరిగినప్పుడు పోయే భాగం తీసేయగా ఎడమవైపు మిగిలే భద్రత 10 సెం.మీ. కూడా ఉండదు. ఎడమకు నెడుతుండగా రాయి తగిలి డాలీ టక్కున ఆగితే బండి దొర్లిపోవడానికి అది చాలు. నా అద్దం కథ వెనుక ఉన్న లెక్క ఇదే. కాబట్టి ఎడమవైపు చక్రాలు స్టాండు పాదం కంటే బయటికి ఉండే డాలీనే ఎంచుకోండి. గ్యారేజీ ఇరుకని చెప్పి సన్నటి డాలీ కొనడం తప్పు పొదుపు, ఎలాగూ హ్యాండిలు వెడల్పు అంతకంటే ఎక్కువే ఉంటుంది.

పట్టా లోపలి వెడల్పు వెనుక టైరు కంటే 20 మి.మీ. ఎక్కువుంటే చాలు. పట్టీలు కట్టుకోవడానికి నాలుగు కొక్కేలు, ముందు టైరు దాటిపోకుండా ఆపే అడ్డుకడ్డీ ఉండాలి. వెల్డింగు అతుకులు పూర్తిగా వరుసగా ఉన్నాయా, అక్కడక్కడా చుక్కలు పెట్టి వదిలారా అన్నది రంగు కిందనుంచి కూడా కనిపిస్తుంది.

ఏడో అడుగు: మొదటిసారి ఎక్కించడం

దారి ఊడ్చి, డాలీకి ర్యాంపు లేని చివరను గోడకు ఆనించండి. టైరు ర్యాంపుకు తగలగానే డాలీ ముందుకు పారిపోవాలని చూస్తుంది, బ్రేకులు ఒక్కటే దాన్ని ఆపలేకపోవచ్చు. బ్రేకులన్నీ వేయండి. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్లో ఉంచి, మీరు ఎడమపక్క నిలబడి హ్యాండిలు పట్టుకుని, రెండో మనిషి వెనుకనుంచి నెడుతూ ఎక్కించండి. ఇంజను బలంతో ఎక్కించడం ఇరుకు చోట చేయవలసిన పని కాదు. మొదటి రెండు మూడు సార్లు కుడివైపు మూడో మనిషి ఉంటే మరీ మంచిది.

బండి పూర్తిగా ఎక్కిన తరువాత సైడ్ స్టాండు పలక మీద సరిగ్గా ఆనిందో వంగి కళ్లతో చూడండి, అలవాటుగా కాలితో వేసేసి వదలవద్దు. మొదటి గేరులో పెట్టండి, ముందు బ్రేకు లివరును గట్టి రబ్బరు పట్టీతో హ్యాండిలుకు కట్టేయండి. రెండు పట్టీలతో బండిని చట్రానికి కట్టండి, షాకబ్జార్బర్లు పూర్తిగా నొక్కుకుపోయేంత బిగించనవసరం లేదు. ఆ తరువాతే డాలీ బ్రేకులు తీయండి.

నెట్టేటప్పుడు చేతులు హ్యాండిలు మీద కాక వీలైనంత కింద, బండి చట్రం మీదో డాలీ మీదో ఉండాలి. పైన నెడితే బండి ఒరుగుతుంది, కింద నెడితే డాలీ కదులుతుంది. స్టాండువైపుకు జరిపేటప్పుడు మరింత నెమ్మదిగా జరపండి.

నిలిపిన తరువాత

డాలీ మీదున్న బండిని దొంగ కూడా అంతే తేలికగా జరుపుతాడు. హ్యాండిలు తాళం, డిస్కు తాళం ఇక్కడ పనికిరావు, ఎందుకంటే బండి టైర్లు దొర్లనవసరమే లేదు. గోడకో నేలకో పాతిన కొక్కేనికి గొలుసు వేసి, దాన్ని బండి చట్రం గుండా తీయండి, డాలీకి మాత్రమే వేసి ఊరుకోవద్దు. నెలల తరబడి ఉంచితే బ్యాటరీ చార్జరు తీగ బండి చివరి స్థానం దాకా అందుతుందో లేదో ముందే చూసుకోండి. గ్యాసు పొయ్యి, నీళ్ల హీటరు వంటి మంట ఉండే వస్తువులు ఉన్న గోడకు పెట్రోలు ట్యాంకును చేర్చవద్దు.

వెల్డింగు షాపులో స్వయంగా చేయించుకోదలచినవారికి పై కొలతలే ఆధారం. చక్రాల కోసం పెట్టే డబ్బును మాత్రం తగ్గించుకోకండి, ఇనుము ఎవరైనా అతుకుతారు.

మొదటి వారం వాడిన తరువాత చక్రాలను పట్టి ఉంచే బోల్టులను మరోసారి బిగించండి. రంగు పొర నలిగి అవి కొద్దిగా వదులవుతాయి. ఆరు నెలలకొకసారి డాలీని తిరగేసి చక్రాల ఇరుసులు చూడండి. దారప్పోగులు, వెంట్రుకలు, ప్లాస్టిక్ సంచి పీలికలు అక్కడ చుట్టుకుని ఉంటాయి. వాటిని బ్లేడుతో కోసి తీసి, చక్రపు తల బేరింగులో కాస్త గ్రీజు పెట్టి, పైకి వచ్చిన అదనపు గ్రీజును గుడ్డతో తుడిచేయండి. తుడవకపోతే దానికి అంటుకున్న ఇసుకే మళ్లీ బేరింగును తినేస్తుంది.